నలభై గొడుగులు, ఒక ఉచిత విమానం

బయట కుండపోతగా వాన. కౌంటర్ మీద నలభై గొడుగులు. నా వెనక క్యూలో పదకొండు మంది తడిసిన మనుషులు. సరిగ్గా ఆ సమయం చూసుకుని నా క్రెడిట్ కార్డు మొండికేసింది.

షాపతను ఇంకోసారి గీశాడు. మెషీన్ ఇంకోసారి కుయ్యిమంది. వెనకాల ఒకాయన, ఒక్క గొడుగు కొనుక్కుని పోదామని వచ్చినవాడు, నలభై కొనేవాడి దగ్గర డబ్బుల్లేకపోవడమేమిటని పక్కాయనతో అన్నాడు. నాకు వినబడాలనే అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అప్పుడే ఫోన్ మోగింది.

“నమస్కారం సర్. బ్యాంకు కార్డు భద్రతా విభాగం, పదిహేడో నంబరు డెస్కు నుంచి మాట్లాడుతున్నాను. ఈ కాల్ రికార్డ్ అవుతుంది. ఇప్పుడు నలభై గొడుగులు కొనడానికి ప్రయత్నించింది మీరేనా?”

“నేనే. ఏం, కొనకూడదా?”

“కొనచ్చు సర్. ఇంట్లో ఎంతమంది ఉంటారు?”

“ముగ్గురం.”

అవతల ముక్కుతో చిన్న చప్పుడు వచ్చింది. ఆ అమ్మాయి నవ్వు ఆపుకుంటోందని నాకు అర్థమైంది. ముక్కుతో నవ్వేవాళ్లను ఫోన్లో ఇట్టే పట్టేయచ్చు.

నేను రెచ్చిపోయాను. నా కార్డు, నా ఇష్టం, నేను గొడుగులు కొనుక్కుంటానో ఏనుగులు కొనుక్కుంటానో బ్యాంకుకు అనవసరం అన్నాను. పదకొండు మంది సాక్షుల మధ్య నా పరువు తీశారని కూడా అన్నాను. ఆమె అన్నీ నిమ్మకు నీరెత్తినట్టు విని, చివరికి నా పుట్టిన తేదీ అడిగింది. చెప్పాను. కార్డు పని చేసింది. క్షేమంగా తడవకుండా వెళ్లమని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ మాటలో వెటకారం ఉందా లేదా అని ఇంటికి చేరేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

ఇక్కడ నా గురించి కొంచెం చెప్పాలి. నేను కళ్లద్దాల షాపులో పని చేస్తాను. కళ్లు పరీక్ష చేస్తాను, అద్దాలు అరగదీస్తాను, ఫ్రేములు బిగిస్తాను. అక్కా బావల ఇంట్లో ఉంటాను. నాకు తాగుడు లేదు, జూదం లేదు. ఉన్న పిచ్చి ఒక్కటే, పాయింట్లు.

కార్డుతో ఏది కొన్నా బ్యాంకు కొన్ని పాయింట్లు ఇస్తుంది. అరవై వేలు పోగైతే విమానం టికెట్టు ఉచితం, పోనూ రానూ. నేను పుట్టి బుద్ధెరిగి విమానం ఎక్కలేదు. ఎక్కితే ఫ్రీగానే ఎక్కాలని రెండేళ్ల కిందట ఒట్టు పెట్టుకున్నాను. నా జీతంతో నేను కొనుక్కునే వాటితో అయితే అరవై ఏళ్లొచ్చేసరికి అరవై వేలు అవుతాయి. అందుకని వీధిలో ఎవరు ఏం కొనాలన్నా నా కార్డు మీద కొంటాను, వాళ్లు నా చేతికి డబ్బిస్తారు. ఆ గొడుగులు అక్కవి. అక్క బట్టలు కుట్టే కంపెనీలో సూపర్‌వైజరు. వానాకాలమని కంపెనీ వాళ్లు పనివాళ్లందరికీ తలా ఒకటి ఇప్పించారు. కంపెనీ డబ్బు, అక్క పని, పాయింట్లు నావి.

బావ డ్రైవింగ్ స్కూలు నడుపుతాడు. ఆయనకు నా మీద అపారమైన నమ్మకం, నేను ఎన్నటికీ బాగుపడనని. “ఫ్రీగా వస్తే ఫినాయిల్ కూడా తాగుతావురా నువ్వు” అనేవాడు. ఏ బ్యాంకూ ఎవణ్ణీ ఊరికే విమానం ఎక్కించదని, అది గాడిద ముందు వేలాడదీసిన గడ్డి లాంటిదని చెప్పేవాడు. చెప్తూనే తన కార్ల టైర్లు మాత్రం నా కార్డు మీదే కొనేవాడు.

ఆ టైర్లకే రెండో కాల్ వచ్చింది. గొంతు వినగానే గుర్తుపట్టాను. ఆమె కూడా పట్టింది.

“సర్, పదిహేడో డెస్కు. ఈరోజు పన్నెండు టైర్లు కొన్నది మీరేనా? గొడుగులు వేసుకుని వెళ్లే బండికా?”

ఆ చివరి ముక్క బ్యాంకు వాళ్లు రాసిచ్చినది కాదని నాకు తెలుసు. నాకు కోపం రావాలి. రాలేదు. బావ గురించి చెప్పాను. నేర్చుకునేవాళ్లు బ్రేకు బదులు యాక్సిలరేటర్ తొక్కితే పక్క సీట్లో బావ ఏమేం మొక్కుకుంటాడో కూడా చెప్పాను. ఆమె ముక్కుతో కాదు, ఈసారి నోరారా నవ్వింది. నవ్వి, వెంటనే గొంతు సర్దుకుని, ధన్యవాదాలు సర్ అంది.

మూడోది ఎదురింటి తాతగారి పళ్ల సెట్టు. “సర్, పళ్లు మీకేనా?” అని అడిగింది. నా పళ్లు ముప్ఫై రెండూ సొంతవేనని, కావాలంటే లెక్కపెట్టుకోవచ్చని చెప్పాను. ఫోన్లో ఎలా లెక్కపెట్టేదని ఆమె అడిగింది. ఆ రోజు నేను ఒక పెద్దమనిషి దూరపు చూపు కళ్లద్దాలకు దగ్గర చూపు అద్దాలు బిగించి పంపాను. ఆయన గుమ్మం తగిలి పడబోయి వెనక్కి వచ్చాడు.

అలా నెలన్నరలో తొమ్మిది కాల్స్. ఆమెకు ఒకటే నియమం. కొన్న వస్తువు గురించి తప్ప ఇంకేమీ మాట్లాడకూడదు, పేరు చెప్పకూడదు, సొంత నంబరు అస్సలు ఇవ్వకూడదు. అన్నీ రికార్డు అవుతాయి. కాబట్టి మా పరిచయమంతా సామాన్ల మీదే నడిచింది. పరుపు కొంటే నిద్ర గురించి మాట్లాడుకున్నాం. వాటర్ హీటర్ కొంటే పొద్దున్నే లేవడం ఎంత నరకమో మాట్లాడుకున్నాం. మా కళ్లద్దాల షాపుకు ఫ్యాను కొంటే, ఆ షాపు ఎక్కడని అడిగింది; బస్టాపు ఎదురుగా, పైన పెద్ద కళ్లజోడు బోర్డు ఉంటుందని, అందులో ఒక కన్ను గాలివానకు ఊడిపోయిందని, ఆ మిగిలిన కంటితోనే మూడేళ్లుగా వీధిని చూస్తోందని చెప్పాను. ఆమె తనకూ ఈ మధ్య కంప్యూటర్ మీద అక్షరాలు అలుక్కుపోతున్నాయని ఒకసారి అంది. అని, అది సామాను గురించి కాదని గుర్తొచ్చి, హీటరుకు గ్యారంటీ ఎన్నాళ్లని అడిగింది.

దాచడమెందుకు, ఆమె మీద నాకు ఇష్టం కలిగింది. మనిషిని చూడలేదు, పేరు తెలీదు. తెలిసింది పదిహేడు అనే అంకె. వీధిలో పదిహేడో నంబరు బస్సు వెళ్తుంటే నాకు గుండె ఝల్లుమనేది.

ఆ తర్వాత నేను చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఎవరికీ అక్కర్లేకపోయినా, ఆమె కాల్ కోసమే వింత వస్తువులు కొనడం మొదలుపెట్టాను. ముప్ఫై అలారం గడియారాలు కొన్నాను. కాల్ రాలేదు. పాతిక గజాల పడవ తాడు కొన్నాను. రాలేదు. చివరికి నిలువెత్తు ప్లాస్టిక్ జిరాఫీని కొని ఆటోలో తల బయటపెట్టి ఇంటికి తెచ్చాను. ఫోన్ ఉలుకూ పలుకూ లేదు.

ఉండబట్టలేక బ్యాంకు మామూలు నంబరుకు నేనే ఫోన్ చేశాను. ఎవరో అబ్బాయి ఎత్తాడు. నేను జిరాఫీ కొంటే మీకు అనుమానం రాలేదా అని నిలదీశాను. అతను కంప్యూటర్లో నా లెక్కలు చూసి, ఎంతో గౌరవంగా చెప్పాడు. “సర్, మీ తీరు మా సిస్టమ్‌కి అలవాటైపోయింది. ఇక మీరేం కొన్నా దానికి అనుమానం రాదు. నిశ్చింతగా ఉండండి.”

నిశ్చింతగా ఎలా ఉంటాను? షాపు బయట వాన పడుతోంది. ఆ సాయంత్రం బస్టాపు పక్కన కాఫీ బండి దగ్గర నిలబడి, ఎవరికోసమూ కాదు, నా ఒక్కడి కోసం ఒకే ఒక్క కాఫీ తీసుకుని కార్డు గీశాను. సగం తాగేలోపు ఫోన్ మోగింది.

“సర్, పదిహేడో డెస్కు. ఒక్క కాఫీ కొన్నది మీరేనా?”

నేనే అన్నాను. ఒక్కటేనా, ఇంకా ముప్ఫై తొమ్మిది ఉన్నాయా అని అడిగింది. ఒక్కటే, ఒంటరిగా తాగుతున్నాను అన్నాను. ఆమె గొంతు మెత్తబడింది. సమాచారం కోసం చెప్తున్నానంటూ, చదువుతున్నట్టుగా చెప్పింది, ఒకటో తారీఖు నుంచి ఈ కాల్స్ అన్నీ మెషీనే చేస్తుందని, డెస్కులు ఎత్తేస్తున్నారని.

“మరి మీరు?”

“నన్ను వేరే పనికి, వేరే బిల్డింగ్‌కి మారుస్తున్నారు సర్. అక్కడ ఫోన్లు ఉండవు.”

లైను పెట్టేశాక కూడా ఫోన్ చెవి దగ్గరే పట్టుకుని నిలబడ్డాను. ఇంకా వారమే ఉంది. ఆ తర్వాత పేరు లేని మనిషిని, నంబరు లేని మనిషిని, పదిహేడు అనే డెస్కు కూడా లేని మనిషిని ఎక్కడని వెతకను? కార్డుతో పాటు వచ్చిన కాగితం అడుగున ఆ విభాగం చిరునామా ఉంది. రైల్లో అయితే పోను రెండు రోజులు, రాను రెండు రోజులు, మా ఓనరు అన్ని సెలవులివ్వడు. విమానంలో అయితే రెండు గంటలు. నా దగ్గర యాభై ఏడు వేల నాలుగు వందల పాయింట్లున్నాయి.

ఇంటికి వచ్చేసరికి అక్క హాల్లో జిరాఫీకి ఎదురుగా కూర్చుని ఉంది. ఇది ఎవరికి తెచ్చావని అడిగింది. ఇక లాభం లేదని మొత్తం కక్కేశాను. అక్క అంతా ఓపిగ్గా వింది. బావ మాత్రం ఊరుకుంటాడా. “ముఖం తెలీదు, పేరు తెలీదు. ఆలూ లేదు చూలూ లేదు, విమానం మాత్రం ఎక్కేస్తాడట” అన్నాడు. ఆ పిల్ల నవ్వింది ఉద్యోగ ధర్మంగానేమో, తన దగ్గర కారు నేర్చుకునేవాళ్లు గోడకు గుద్దినా తాను నవ్వుతాను కదా అన్నాడు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది, ఎందుకంటే నాకూ ఆ భయమే ఉంది.

అక్క లేచి, ఆయన మాటలకేంగానీ ఇంకా ఎన్ని కావాలని అడిగింది. చెప్పాను. చెంగు బిగించి వీధిలోకి వెళ్లింది.

తర్వాతి మూడు రోజులు మా వీధి చేసిన షాపింగ్ నేను జన్మలో మరచిపోను. ఎదురింటి తాతగారు పళ్లున్నాయి కదా, ఇక చెవులు కావాలని వినికిడి మెషీను కొన్నారు. కింద పోర్షన్ టీచరమ్మ ఎప్పుడో కొందామనుకున్న వాషింగ్ మెషీన్ ఇప్పుడే కొంది. మేడ మీద జిమ్ మాస్టారు డంబెల్స్ మార్చాడు. ఎవరి పని వాళ్లు చేసుకుంటూనే దారిలో నన్ను ఆపి, పిల్ల మంచిదేనా అని అడిగారు. గొంతు మంచిదని చెప్పాను. అన్నీ కలిపినా మూడు వందలు తక్కువొచ్చాయి. మూడో రోజు సాయంత్రం బావ నా కార్డు లాక్కుని వెళ్లి తన డ్రైవింగ్ స్కూలు ఆఫీసుకు ఏసీ కొనుక్కుని వచ్చాడు. ఎండలు మండే రోజుల్లో కొననివాడు, జోరువానలో కొన్నాడు. ఏసీ నా కోసం కాదని, గోడకు ఖాళీ బాగోలేదని చెప్పాడు.

మర్నాటికి పాయింట్లు పడ్డాయి. ఉచిత సీటు వెతికితే నెలంతటికీ ఒక్కటే ఉంది. ముప్ఫై ఒకటో తారీఖు తెల్లారి బయల్దేరి, ఎటో దూరంగా వేరే ఊళ్లో దిగి, అక్కడ ఏడు గంటలు కూర్చుని, సాయంత్రానికి ఆమె ఊరు చేరుతుంది. డెస్కు ఎత్తేయడానికి ముందు రోజు. అరవై వేలూ ఒక్క దెబ్బకు ఖర్చు పెట్టి టికెట్టు తీసుకున్నాను. పన్నులని బ్యాంకు ఇంకేదో కొంత కట్టమంది, కట్టాను. ఆ సంగతి బావకు చెప్పలేదు.

రెండు నిమిషాల్లో ఫోన్.

“సర్, పదిహేడో డెస్కు. మీ రెండేళ్ల పాయింట్లు అన్నీ ఒకేసారి ఖాళీ అయ్యాయి. ఇలా జరిగితే దొంగ పని అని మా మెషీను అనుకుంటుంది. మీరేనా?”

“నేనే.”

“ఎక్కడికి సర్?”

“మీ ఊరికి.”

“పని మీదా?”

నేను ఒక కన్నున్న మా బోర్డు కింద నిలబడి ఉన్నాను. రికార్డు అవుతుందని తెలుసు. అయినా చెప్పేశాను.

“మిమ్మల్ని చూడటానికి. ముప్ఫై ఒకటిన సాయంత్రం దిగుతాను.”

అవతల కీబోర్డు చప్పుడు కూడా ఆగిపోయింది. తర్వాత ఆమె మెల్లగా అంది. “రద్దు చేయండి సర్.”

బావే గెలిచాడనుకున్నాను. తప్పు నాదేనని, ఉద్యోగ ధర్మంగా నవ్వినదాన్ని నేనే ఏదేదో అనుకున్నానని, ఇంకెప్పుడూ ఇబ్బంది పెట్టనని గబగబా చెప్పేశాను. క్షమించమన్నాను. జిరాఫీ గురించి కూడా ఎందుకో క్షమించమన్నాను. ఆమె మధ్యలో రెండుసార్లు సర్, సర్ అని, చివరికి విసుక్కుంది.

“ముందు నేను చెప్పేది వినండి. ముప్ఫయ్యో తారీఖుతో నా డ్యూటీ అయిపోతుంది. ముప్ఫై ఒకటి పొద్దున విమానానికి నేను మీ ఊరొస్తున్నాను. మీరు ఇక్కడికొచ్చేస్తే అక్కడ నాకు కళ్లద్దాలు ఎవరిస్తారు?”

నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట, టికెట్టు పాయింట్లతో తీసుకున్నారా అని. పూర్తి ధర పెట్టి కొన్నానని ఆమె చెప్పింది. అయ్యో, నన్నడిగి ఉంటే, అని నేను మొదలుపెట్టబోతుంటే లైన్లో ఎవరో మగ గొంతు సవరించుకుంది.

“సర్, నేను సూపర్‌వైజర్‌ని, కాల్ వింటున్నాను. ఈ గంటలో రద్దు చేస్తే పాయింట్లన్నీ వెనక్కి వస్తాయి. దయచేసి రద్దు చేసేయండి సర్, ఇక్కడ అందరం పనులు మానేసి వింటున్నాం.”

రద్దు చేశాను. రెండేళ్లు కలలుకన్న ఉచిత విమానాన్ని నా బొటనవేలితో నేనే రద్దు చేశాను. అంత సంతోషంగా నేను ఏ పనీ చేసి ఉండను.

ముప్ఫై ఒకటిన మా షాపులో కూర్చోవడానికి చోటు లేదు. తాతగారు, టీచరమ్మ, జిమ్ మాస్టారు, అక్క, బావ, అందరికీ ఒక్కసారిగా చూపు తగ్గింది. జిమ్ మాస్టారు చార్టులో అడుగు వరస కూడా గడగడా చదివేసి, మసగ్గా ఉందన్నాడు. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ అందరి తలలూ అటు తిరిగేవి. మధ్యాహ్నం జల్లు పడుతుండగా ఒకామె చెప్పులు తుడుచుకుని లోపలికి వచ్చి, కళ్లు పరీక్ష చేయించుకోవాలంది.

ఆ గొంతు. షాపంతా లేచి నిలబడింది.

నా ఊహలో ఆమె పొడుగ్గా, చెవికి ఫోను తగిలించుకుని ఉండేది. ఈమె పొట్టి. బుగ్గ మీద ప్రయాణంలో నిద్రపోయిన గీతలు, చేతిలో తనకంటే పెద్ద సంచి. ఊహలోని మనిషిని వెంటనే మరిచిపోయాను. పరీక్ష గదిలోకి తీసుకెళ్లి కుర్చీలో కూర్చోబెట్టాను. అద్దాలు మార్చి మార్చి చూసే ఆ గుండ్రటి ఇనుప ఫ్రేము ముక్కు మీద పెట్టాను. చేతికి దొరికిన అద్దం వేసి, ఏం కనిపిస్తోందని అడిగాను.

“ఏమీ కనిపించట్లేదు. ఇవి తీసేయండి. ఇంత దూరం వచ్చింది చార్టు చూడటానికి కాదు.”

తీసేశాను. ఆమె నన్ను తేరిపార చూసింది. ఆ చూపు ముందు నేను పడ్డ అవస్థ చెప్పలేను. ఇక ఆగలేక చెప్పేశాను, మీరంటే నాకు ఇష్టమని, మీ కాల్ కోసమే తాడూ గడియారాలూ కొన్నానని, ఏదీ పని చేయకపోయినా దేవుడి దయవల్ల ఆ కాఫీని మెషీను అనుమానించిందని.

ఆమె తల దించుకుని నవ్వింది. “ఒక్క కాఫీని ఏ మెషీన్ అనుమానిస్తుందండీ? అది మెషీను చేయించిన కాల్ కాదు. మీరు కొన్నవన్నీ నా స్క్రీన్ మీద వరసగా కనిపిస్తున్నాయి, మీకు కాల్ మాత్రం వెళ్లట్లేదు. ఇంకో వారంలో నా డెస్కే ఉండదు. అందుకని నేనే అనుమానం రాసి, నేనే ఫోన్ చేశాను. ఇన్నేళ్లలో నేను రాసిన దొంగ రిపోర్టు అదొక్కటే.”

బయట నుంచి తాతగారు, కొత్త వినికిడి మెషీను పెట్టుకున్న హుషారులో, పిల్ల ఒప్పుకుందట అని అందరికీ వినిపించేలా ప్రకటించారు.

వాళ్లమ్మ ఒక్కతే పెద్ద దిక్కని, ఆవిడతో పెద్దవాళ్లు వచ్చి మాట్లాడితే బాగుంటుందని సాయంత్రం ఆమె అక్కతో చెప్పింది. నేను వెంటనే లెక్క కట్టాను. ఒకరికి పోనూ రానూ అరవై వేలంటే, ఇద్దరికి పోను మాత్రమే అరవై వేలు. అక్కనూ బావనూ ఆదివారం విమానం ఎక్కించాను. బావ ఎక్కే ముందు టికెట్టు మూడుసార్లు తిరగేసి చూశాడు. ఎక్కడో ఏదో మోసం ఉంటుందని వెతికాడు. దొరకలేదు. కిటికీ పక్క సీటు అక్కకు ఇవ్వకుండా తనే కూర్చున్నాడని తర్వాత తెలిసింది.

ఆ రోజు సాయంత్రం షాపులో ఉంటే బావ ఫోన్ చేశాడు. వాళ్లమ్మ మంచి మనిషని, కుర్రాడు కొంచెం తిక్కవాడు గానీ నమ్మకస్థుడని తానే హామీ ఇచ్చానని చెప్పాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“ఒప్పుకున్నారురా. ఇక్కడ అందరూ ఏడుస్తూ నవ్వుతున్నారు, మీ అక్క మరీను. అది సరే గానీ, తిరిగి రావడానికి పాయింట్లేమైనా మిగిలాయా, లేక ఇద్దరం రెండ్రోజులు రైల్లో రావాలా?”